పరగడుపు బిళ్ళ

గురువారం సాయంత్రం నాలుగింటికి కోడలి అన్నగారు వ్యాను తీసుకుని వస్తాడనీ, ఆమె తన బట్టలు రెండు సంచుల్లో సర్దుకుందనీ, నేను ఆపలేదనీ పోయిన వారం మీకు చెప్పాను. ఎందుకు ఆపలేదో కూడా దాచలేదు. ఏడు నెలలుగా ఆమెకు నెలసరి లేదు. "నా ఒంట్లో ఇంకేం మిగల్లేదు అత్తయ్యా. మీ అబ్బాయిని నాకు కట్టేసి ఉంచడం అన్యాయం" అని ఆమే అంది. నలభై ఏళ్ళుగా తాళ్ళ వ్యాపారం చేస్తున్నదాన్ని. తెగిన తాడుకు ముడివేసి కొత్తదని అమ్మను, ఎవరైనా అమ్మజూపితే కొనను. ఆమె మాటలో నాకు న్యాయమే కనబడింది. 'సరే' అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో అదే గురువారం పదకొండింటికి, డాక్టరమ్మ గదిలో కూర్చున్నాక గాని తెలియలేదు.

రక్తం సోమవారం ఇచ్చాం. రిపోర్టు కోసం నేను ఒక్కదాన్నే వెళ్ళాను.

"ఆ అమ్మాయేది? చెప్పాల్సింది ఆమెకి" అంది డాక్టరమ్మ. నా ముందే కోడలికి ఫోను చేసింది.

"అత్తయ్యకే చెప్పండి డాక్టర్. తెలుసుకుని నేను చేసేదేముంది?" అని పెట్టేసింది కోడలు.

డాక్టరమ్మ కాసేపు ఫోను వైపే చూసి, కాగితం నా ముందుకు జరిపింది. "బిడ్డ పుట్టాక తల్లికి పాలు పడటానికి ఒంట్లో ఒక హార్మోను పెరుగుతుందమ్మా. ప్రొలాక్టిన్ అంటాం. అది బాగా పెరిగితే అండాశయాలు పని ఆపేస్తాయి, నెలసరి ఆగిపోతుంది. మీ కోడలికి అది ఉండాల్సినదానికి ఆరు రెట్లుంది."

"బిడ్డే లేదు కదమ్మా?"

"అదే కదా మరి. గర్భం లేదు, థైరాయిడ్ బాగానే ఉంది. ఇక ముఖ్యంగా చూడాల్సినవి రెండు. తలలో ఒక చిన్న గ్రంథి ఉంటుంది, దానిమీద కంతి లేచి ఉండొచ్చు. లేదా ఏదో మందు ఈ పని చేస్తూ ఉండొచ్చు. ఏం మందులు వాడుతోంది?"

"ఏమీ వాడదు."

ఈ జవాబు నాకు కంఠతా వచ్చు. ఇంతకు ముందు ఇద్దరు డాక్టర్లకు చెప్పాను, ఈమెకే సోమవారం ఒకసారి చెప్పాను. జ్వరమొస్తే బిళ్ళ వేసుకోవడానికి కూడా మొండికేసే పిల్ల.

మాటల్లో పదకొండున్నర దాటింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, గుండెల్లో మంట మొదలైంది. చేతిసంచిలోంచి చిన్న డబ్బా తీసి, ఒక బిళ్ళ నోట్లో వేసుకుని, బల్లమీది నీళ్ళు తాగాను.

"ఏమిటది?" అంది డాక్టరమ్మ.

"ఇదా? మందు కాదులెండి. గ్యాస్‌ది."

ఆమె కలం కింద పెట్టింది. "ఇది ఇంకెవరు వాడతారు?"

"అందరం. మా దుకాణంలో తాళం తీయగానే మొదటి పని ఇదే. మావి వేళకు తినే బతుకులు కావు కదా."

"మీ కోడలు కూడానా?"

"ఆమెకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నా చేత్తోనే ఇస్తాను." అబద్ధమెందుకు, ఆ చివరి మాట కాస్త గొప్పగానే అన్నాను.

"పేరేమిటి?"

"పరగడుపు బిళ్ళ."

"అది మీరు పెట్టుకున్న పేరు. పెట్టెమీద ఏముంది?"

అది నేనెప్పుడూ చదవలేదు. నేను చిల్లరగా ఏదీ కొనను. తెలిసిన మందులాయన దగ్గర పెద్ద పెట్టెలు తెప్పిస్తాను. రేకుల్లోంచి బిళ్ళలన్నీ ఒకేసారి నొక్కి గాజు సీసాలో పోస్తాను, చోటు కలిసొస్తుందని. రేకులు చెత్తలోకి పోతాయి. పెట్టెల అట్ట మాత్రం పారేయను. ముక్కలుగా కత్తిరించి, చిల్లు పెట్టి, తెల్లగా ఉన్న వైపు తాడు మందమూ పొడుగూ రాసి చుట్టలకు కడతాను. అచ్చు ఉన్న వైపు లోపలికి తిప్పేస్తాను. ఇదంతా చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు.

"కొన్ని గ్యాస్ బిళ్ళల్లో ఆమ్లం తగ్గించే మందొక్కటే ఉంటుంది. మామూలుగా వాటితో ఈ గొడవ రాదు. కొన్నిట్లో కడుపులో ఉన్నదాన్ని కిందికి నెట్టే మందు కూడా కలుపుతారు. ఆ రెండోది ఈ హార్మోన్ని పెంచగలదు. రంగు చూసి చెప్పలేను. పేరు తెండి."

"అదే అయితే?"

"ఆపేస్తే చాలామందికి కొన్ని వారాల్లో దిగిపోతుంది. నెలసరి మళ్ళీ మొదలవుతుంది, పిల్లలు పుట్టే దారీ తెరుచుకుంటుంది. ఆపినా దిగకపోతే తల స్కాన్ తీయాలి. ముందు పేరు కావాలమ్మా."

మందులాయన ఫోనెత్తలేదు. మూడుసార్లు చేశాను.

దుకాణంలో అడుగుపెట్టి మొదటి చుట్ట దగ్గర కూర్చుని అట్టముక్క తిప్పాను. కొబ్బరి నూనె డబ్బా అట్ట. రెండోది సబ్బుల పెట్టెది. మూడోది బూట్లది. మూడొందల చుట్టలున్నాయి దుకాణంలో. మా మూరల మావయ్య, అంటే నా దగ్గర ముప్ఫై ఏళ్ళుగా తాళ్ళు కొలిచే పెద్దాయన, కొలబద్ద పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు.

"ఏంటమ్మా, చుట్టలకి జాతకాలు చూస్తున్నావా?"

"మావయ్యా, పరగడుపు బిళ్ళల పెట్టె అట్ట దేనికి కట్టామో గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? నీలం గీత ఉంటుంది. నైలాను సన్నరకానికి కట్టావు. అట్ట గట్టిది, ఊరికే చిరగదని నువ్వేగా మురిసిపోయావు."

నైలాను సన్నరకం పై అరలో ఉంది. ఈ వయసులో నిచ్చెన ఎక్కొద్దని మావయ్య కేకలేస్తున్నా ఎక్కాను. నీలం గీత దొరికింది. బొద్దు అక్షరాల్లో ఆమ్లం మందు పేరు. దాని కింద రెండో పేరు 'లెవో' అని మొదలై, నా కత్తెర పడినచోట ఆగిపోయింది. డాక్టరమ్మకు ఫోను చేశాను.

"లెవోతో మొదలయ్యేవి బోలెడున్నాయమ్మా. మిగతాది?"

మిగతా ముక్క పక్క చుట్టకు లేదు, ఆ పక్కదానికీ లేదు. మధ్యాహ్నం రెండు చుట్టలు అమ్ముడుపోయాయని మావయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. కొన్నాయన టీ తాగడానికి పోయాడు, బండి ఇంకా వీధి చివరే ఉంది. నేను పరిగెత్తి ఎన్నేళ్ళయిందో తెలియదు. ఆ రోజు పరిగెత్తాను. బండిమీది చుట్టను తిరగేస్తుంటే కొన్నాయన వచ్చి, "కొలత తక్కువేమోనని భయమా, తూకమ్మగారూ?" అన్నాడు. వెనకాల నన్నందరూ తూకమ్మ అంటారని తెలుసు. ముఖాన అనడం అదే మొదటిసారి. పట్టించుకోలేదు. అట్ట తెంపి వెనక్కి తిప్పాను. 'సల్పిరైడ్' అని ఉంది. దాని కింద ఎర్రగా, డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ఉంది.

రెండు ముక్కలూ కలిపి ఫోనులో చదివాను.

"అదేనమ్మా" అంది డాక్టరమ్మ. "చాలావరకు అదే అయి ఉండాలి. ఈ రోజే ఆపండి. ఇంట్లో ఎవరికీ ఇవ్వకండి. మగవాళ్ళకి కూడా మంచిది కాదు. కోరిక తగ్గిపోతుంది, కొందరికి చేతకాకుండా పోతుంది. మీ అబ్బాయినీ ఒకసారి రమ్మనండి."

మావాడికేం, ఒంటిచేత్తో బస్తా లేపుతాడని మనసులో అనుకుని ఫోను పెట్టేశాను. నా ధ్యాసంతా కోడలిమీదే. అప్పటికి మూడు దాటింది.

ఆ బండి పక్కనే నిలబడి లెక్క వేశాను. వేయకుండా ఉండలేను, అలవాటు. పద్దెనిమిది నెలల కిందట ఆమెకు మొదటి బిళ్ళ ఇచ్చాను. పది నెలలు రోజుకొకటి. తర్వాత సరుకు లెక్కల పనిలో మధ్యాహ్నం తిండి మానేస్తోందని సాయంత్రం ఇంకోటి కలిపాను. అలా కలిపిన మరుసటి నెలలోనే ఆమె నెలసరి ఆగింది. దుకాణంలో ఒక నెల అమ్మకం పడిపోతే, దానికి ముందు నెల ఏం మార్చామో తవ్వి తీస్తాను. ఏడు నెలలపాటు ఇంట్లో ఆ ఒక్క పని చేయలేదు.

కోడలు వెనకగదిలో ఉంది. నైలాను తాడు తెగినచోట పీచు లేవకుండా కొనను మంటమీద కరిగించి, తడిగుడ్డతో నొక్కాలి. ముందు కొవ్వొత్తి పెట్టుకుని ఆ పనే చేస్తోంది. రెండు సంచులూ గుమ్మం పక్కన ఉన్నాయి.

"అమ్మాయ్, ఆ కొవ్వొత్తి ఆర్పు."

"ఇంకో పదకొండు ముక్కలున్నాయి అత్తయ్యా. అయ్యాక లేస్తాను. లేకపోతే మూరల మావయ్య చేతులు కాల్చుకుంటాడు."

సరుకులో లోపముంటే ముందు లోపమే చెప్పాలి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

"నీ ఒంట్లో ఏమీ పోలేదు. నేనిచ్చిన బిళ్ళల వల్ల ఇలా అయింది. చాలావరకు అదేనని డాక్టరమ్మ అంది. ఆపేస్తే మళ్ళీ మామూలవుతుందట."

ఆమె తల ఎత్తలేదు. చేతిలో ఉన్న కొన కరిగించింది, నొక్కింది, పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది. అదీ పూర్తిచేసింది. మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది.

"ఎన్ని?"

"ఏమిటి ఎన్ని?"

"ఎన్ని బిళ్ళలిచ్చారు? మీకు లెక్క తెలియకుండా ఉండదు."

"ఏడొందల ఎనభై."

"చూశారా" అంది. నవ్వినట్టే ఉంది ముఖం, కానీ అది నవ్వు కాదు. "ముగ్గురు డాక్టర్లు అడిగారు అత్తయ్యా, ఏం మందులు వాడుతున్నావని. నేను నోరు తెరిచేలోపు ముగ్గురికీ మీరే చెప్పారు. రెండో ఆయన దగ్గర నేను గ్యాస్ బిళ్ళ అనబోయాను కూడా. మీరు బల్ల కింద నా మోకాలు నొక్కారు. అదీ ఒక మందేనా, నవ్విపోతారు అన్నారు."

"అన్నాను."

"అన్నారు కదా!" ఉన్నట్టుండి ఆమె గొంతు పైకి లేచింది. మా ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో ఆ గొంతు అంత ఎత్తున నేను వినలేదు. "ఆరు నెలల నుంచి నా లోపలి బట్ట తడుస్తోంది. ఏమిటో తెలుసా? పాలు! బిడ్డ లేని దానికి పాలు! ఎవరికంటా పడకుండా స్నానాల గదిలో పిండుకుని, అక్కడే ఆరబెట్టుకుని, తడిదే తొడుక్కున్న రోజులున్నాయి. పిచ్చెక్కుతోందనుకున్నాను. నా ఒళ్ళు నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. సోమవారం డాక్టరమ్మ ఆ మాటే అడిగితే, మీరు పక్కనున్నారని లేదన్నాను."

సరుకు పాడైతే బదులిస్తాను, ఆలస్యమైతే కొలత పెంచి ఇస్తాను. ఈ ఏడు నెలలకు బదులు ఏ అరలోంచి తీసివ్వను?

"తప్పు నాది" అన్నాను. "వీధిలో నిలబడి చెప్పమన్నా చెప్తాను. మీ అన్నయ్యకి చెప్తాను. నువ్వు మాత్రం వెళ్ళకు. నెలరోజులాగు. మళ్ళీ రక్తం ఇద్దాం. అప్పటికీ వెళ్ళాలనిపిస్తే నేనే దిగబెడతాను."

ఆమె కొవ్వొత్తి ఆర్పేసింది. పొగ మా ఇద్దరి మధ్యా లేచింది.

"నేను వెళ్ళేది అందుక్కాదు."

"మరి?"

"మీ అబ్బాయి ఏడాదిగా పై గదిలో పడుకుంటున్నారు. ఎందుకో మీరెప్పుడైనా అడిగారా?"

"సరుక్కి కాపలా అన్నాడు."

"తాళ్ళకి కాపలా ఏంటత్తయ్యా! ఒక్కో చుట్ట మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఏ దొంగొస్తాడు?" కాసేపు తడిగుడ్డను వేళ్ళ మధ్య నలిపింది. తర్వాతి మాటలు నేలను చూస్తూ చెప్పింది. "ఆయనకి నా దగ్గరికి రావడం చేతకావడం లేదు. మూడు నాలుగుసార్లు ప్రయత్నించారు. గోడ వైపు తిరిగి ఏడ్చారు. ఈ సంగతి మూడో మనిషికి తెలిస్తే నేను బతకనన్నారు. ఊరికే అన్న మాట కాదది, నాకు ఆయన ముఖం తెలుసు. పిల్లలేరని అందరూ అడుగుతుంటే రోజురోజుకీ చిక్కిపోతున్నారు. నాకెలాగూ నెలసరి పోయింది. లోపం నాదేనని చెప్పుకుని నేను తప్పుకుంటే, ఆయన్ని ఎవరూ అడగరు. ఎలాగూ ఒక బరువు మోస్తున్నదాన్ని, ఇంకోటి ఎంతని ఎత్తుకున్నాను."

డాక్టరమ్మ ఫోనులో చివర అన్న మాట అప్పుడు నా చెవిలో మళ్ళీ వినబడింది. మావాడికి రోజుకు రెండు. లోడు దించే రోజుల్లో మూడు. అవీ నా చేత్తోనే. ఒకే సీసాలోంచి ఇద్దరికీ పంచాను. ఆమె తన ఒళ్ళు పనికిరాదనుకుంది, వాడు తన ఒళ్ళు పనికిరాదనుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక ఒకరు కింద, ఒకరు పైన. నడుమ నేను ప్రతి పొద్దునా సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

ఆ మాట పైకి అన్నాను. కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది. మూసుకున్న చేతుల వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. దాన్ని ఏడుపనాలో ఏమనాలో నాకు తెలియదు.

"ఫోన్ చేయండి" అంది చివరికి. "ఇప్పుడే చేయండి. ఆయన మందు ఆపాలి. కానీ అత్తయ్యా, నా సంగతి వరకే చెప్పండి. బిళ్ళ మంచిది కాదట, ఇంట్లో అందరూ పరీక్షకి రావాలని డాక్టరమ్మ అందట, అంతే. ఆయన సంగతి నేను మీకు చెప్పానని తెలియకూడదు. తెలిస్తే నన్ను క్షమించరు. తననీ క్షమించుకోరు. ఒట్టు వేయండి."

వేశాను. నలభై ఏళ్ళలో నా నోటినుంచి కొన్న ధర రాబట్టిన మనిషి లేడు. దాచడం నాకు కొత్త విద్య కాదు.

నాలుగు కాకముందే వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. ఒకసారి హారన్ మోగింది. కోడలు లేచి ఒక సంచి చేతికెత్తుకుంది గాని, కదల్లేదు. నేను మావాడికి ఫోను కలిపాను. నాకు చెవి కాస్త మందం, అందుకే నా ఫోనులో మాట గది అంతటికీ వినబడుతుంది.

"చెప్పమ్మా. లోడు దింపుతున్నాం." వెనక గోదాములో కూలీల అరుపులు, ఇనుప బండి గరగరలు.

బిళ్ళ సంగతి చెప్పాను. అట్టముక్కల సంగతి చెప్పాను. డాక్టరమ్మ మాట పొల్లుపోకుండా, కోడలి వరకే చెప్పాను. గరగరలు దూరమయ్యాయి, పక్కకు నడిచినట్టున్నాడు.

"అంటే ఆమెలో లోపం లేదా?"

"లేదు నాన్నా. ఆపేస్తే బాగైపోతుంది. అందుకే ఇంట్లో అందర్నీ పరీక్షకి..."

"అయితే వెళ్ళనీ అమ్మా."

"ఏమిటీ?"

"ఆమెని వెళ్ళనీ. ఒళ్ళు బాగవుతుందంటే మంచిదే కదా. ఎవరైనా మంచివాణ్ణి చేసుకుంటుంది, పిల్లలు పుడతారు. ఇక్కడుండి ఏం చేస్తుంది? లోపం నాదమ్మా. ఇన్నాళ్ళూ ఆమెమీదకి నెట్టి నోర్మూసుకుని కూర్చున్నాను. ఇంకేం అడక్కు. నన్నొదిలేయ్."

ఎదురుగా కోడలు ఒక్కో మాటా వింటోంది. వద్దు వద్దని తల ఊపుతోంది. ఆ ఊపు నాకు కనబడింది. కనబడుతూనే ఉంది. వేసిన ఒట్టూ గుర్తుంది. కానీ ఫోనులో నా కొడుకు ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"నీదీ కాదురా!" అని అరిచేశాను. "నీకూ అదే బిళ్ళ ఇచ్చాను కదరా నాన్నా! నీ ఒంట్లో లోపం లేదు, నువ్వు మగాడివి కాకుండా పోలేదు, అదంతా ఆ బిళ్ళే చేసింది!"

ఫోను తెగిందేమోనని చెవి నుంచి తీసి చూశాను. తెగలేదు. అంకెలు ఒక్కో సెకనూ మారుతున్నాయి.

"నాకు అలా ఉందని" అన్నాడు మావాడు, చాలా నెమ్మదిగా, "నీకెవరు చెప్పారమ్మా?"

వీధిలో హారన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆగలేదు.

"ఎవరు చెప్పారు?"

కోడలు సంచి కింద పెట్టలేదు. రెండో చెయ్యి మాత్రం ఫోను కోసం నా వైపు చాచింది.